రిజిస్ట్రీ ఆపరేటర్‌ను మార్చే చర్చకు వెళ్లే ముందు

అమ్మాయీ,

కమిటీలో కూర్చోగానే ముందు ఒక్క సంగతి తేల్చమను: మార్చాలంటున్నది ఎవరిని? దేశ డొమైన్‌కు (డాట్ ఇన్ లాంటి చివరి భాగానికి) బాధ్యత వహించే సంస్థనా, దాని తరఫున పేర్ల జాబితా (రిజిస్ట్రీ), సర్వర్లు నడిపే సాంకేతిక ఆపరేటర్‌నా? మొదటిదైతే ఇంటర్నెట్ పేర్ల మూల జాబితాను చూసుకునే ఐయానాకు బదిలీ దరఖాస్తు పెట్టాలి. ఆ దేశపు ఇంటర్నెట్ వర్గాల సమ్మతి ఉందా, కొత్త సంస్థకు సామర్థ్యం ఉందా అని వాళ్లు చూస్తారు. ఇందులో 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1591 అనే ఇంటర్నెట్ పత్రంలోని సూత్రాలే ఇప్పటికీ ఆధారం. రెండోదైతే ఐయానా వరకు పని చిన్నది: రూట్ జోన్‌లో, అంటే ఆ మూల జాబితాలో, నేమ్ సర్వర్లు (ఆ డొమైన్ పేర్లకు జవాబిచ్చే సర్వర్లు), డీఎస్ రికార్డు (డొమైన్ కీని గుర్తించే ముద్ర) మార్పించుకోవడం. ఈ రెండూ కలిపి వాదించుకుంటే ఎంతసేపటికీ తెమలదు.

ధర గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు. నువ్వు పాత కాంట్రాక్టు తెప్పించుకుని, అది ముగిసేటప్పుడు ఎవరు ఏం చేయాలో రాసిన భాగం చదువు. డేటా ఎవరిది? మూడో సంస్థ దగ్గర దాచే ఎస్క్రో కాపీతో ఖాళీ సర్వర్ల మీద రిజిస్ట్రీని ఎప్పుడైనా నిలబెట్టి చూశారా? ఫైలు అందిందన్న రసీదు చూపిస్తే ఒప్పుకోకు. పేరును ఇంకో విక్రేతకు మార్చడానికి వాడే బదిలీ కోడ్‌లను హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని రూపంలో) దాచి ఉంటే అవి తిరిగి రావు, కొత్తవి ఇవ్వాలి. మధ్యలో ఉన్న బదిలీలు, గడువు తీరి గ్రేస్‌లో (అదనపు గడువులో) ఉన్న పేర్లు ఏమవుతాయో కూడా ముందే రాసుకోవాలి.

అసలు ప్రమాదం డీఎన్‌ఎస్‌సెక్ దగ్గర, అంటే డొమైన్ జవాబులు అసలైనవేనని డిజిటల్ సంతకంతో రుజువు చేసే ఏర్పాటు దగ్గర. పాత ఆపరేటర్ ప్రైవేట్ కీ సాధారణంగా వాళ్ల భద్రతా హార్డ్‌వేర్ మాడ్యూల్ దాటి బయటికి రాదు. అందుకని పాత, కొత్త ఆపరేటర్లిద్దరూ ఒకరి జోన్ సైనింగ్ కీని (రికార్డుల మీద సంతకం చేసే కీలో బయటపెట్టే భాగాన్ని) ఒకరు తమ కీల జాబితాలో ప్రచురించాలి. తర్వాత కొత్త డీఎస్‌ను పాతదాని పక్కనే రూట్‌లో పెట్టించాలి. రూట్‌లో డీఎస్ టీటీఎల్ (ఇతర సర్వర్లు దాన్ని గుర్తుంచుకునే కాలం) 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. అది గడిచాకే నేమ్ సర్వర్లు మార్చాలి. వాటి టీటీఎల్ 1,72,800 సెకన్లు కాబట్టి కనీసం రెండు రోజులు, వీలైతే ఇంకా ఎక్కువ, పాత సర్వర్లు కూడా అదే డేటాతో జవాబిస్తూ ఉండాలి. పాత డీఎస్ తీసేది అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే సంతకాలను ధ్రువీకరించే రిజాల్వర్లు (వాడేవాళ్ల తరఫున పేర్లను వెతికే సర్వర్లు) ఆ డొమైన్ కింద ఉన్న ప్రతి పేరుకూ సర్వ్‌ఫెయిల్ అనే వైఫల్య జవాబు ఇస్తాయి. బ్యాంకులు, ఆసుపత్రులు, ఈమెయిల్ అన్నీ ఒకేసారి మూగబోతాయి. పాతవాళ్లు సహకరించకపోతే మిగిలే దారి, డీఎస్ తీసేసి కొన్నాళ్లు సంతకం లేకుండా నడవడం. అది తట్టుకోగలిగేదే, కానీ ఆ మాట ఓటింగ్‌కు ముందే అందరికీ తెలియాలి.

మార్పే అసాధ్యమని ఎవరైనా అంటే ఆస్ట్రేలియాను చూపించు. 2018 జులైలో వాళ్ల డొమైన్ డాట్ ఏయూ 30 లక్షలకు పైగా పేర్లతో కొత్త ఆపరేటర్‌కు మారింది. అలాగని తొందరపడొద్దు. పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకు కొత్త ఈపీపీ (రిజిస్ట్రీతో మాట్లాడే ప్రొటోకాల్) పరీక్షా వ్యవస్థ నెలల ముందే అందాలి. ఆ ప్రొటోకాల్‌కు చేర్చిన ఎక్స్‌టెన్షన్లలో చిన్న తేడా ఉన్నా వాళ్ల ప్రోగ్రాములు ఆగిపోతాయి. మార్పు రోజున కొత్త రిజిస్ట్రేషన్లు కొన్ని గంటలు ఆపక తప్పదు, కాబట్టి ఆలోగా గడువు తీరే పేర్లకు పొడిగింపు అడుగు.

పాత ఆపరేటర్ సహకారం సంతకంతో చేతికొచ్చేదాకా తేదీ మాత్రం ప్రకటించనివ్వకు.

ఆశీస్సులతో