పూల మీద మిగిలిన డబ్బు ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం 38,000, ఖర్చు 22,000. శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం వారంలోనే బుధవారం రాత్రి, రాజమండ్రిలో నా పెళ్లి. మండపానికి, స్టేజీకి, గుమ్మాలకు పూల అలంకరణ చేయడానికి డెకరేటర్ 1,70,000 అడిగాడు. కడియపులంక మార్కెట్‌లో పూలు తెచ్చుకుని పిన్ని, మేనత్త, నేను కలిసి కట్టుకుంటే 50,000లో అయిపోతుంది. బ్యాంకు 3,00,000 పర్సనల్ లోన్ ఇస్తానంది. మిగిలే 1,20,000తో గొలుసు కొనమంటారా, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత కట్టడం) మొదలుపెట్టమంటారా? పూలకు చాలకపోతే అత్యవసరానికి దాచుకున్న 1,40,000 ఎఫ్‌డీ ఉంది. తీసి, చదివింపులు రాగానే మళ్లీ వేసేస్తాను. అదీ చాలకపోతే లోన్ యాప్ ఎలాగూ ఉంది.

జవాబు: పూలు మీరే కట్టుకోవడం మంచి ఆలోచన. నా పేచీ అంతా ‘మిగిలే’ అన్న మాటతోనే. ఆ 1,20,000 మీది కాదు, డెకరేటర్‌కి ఇవ్వడానికి తేబోతున్న అప్పు. అతనికి ఇవ్వక్కర్లేదంటే బ్యాంకు దగ్గర తేనక్కర్లేదు, అంతే. పెళ్లి ఖర్చు తగ్గించుకున్నవాళ్లలో చాలామంది జారిపడేది ఇక్కడే. విందులో రెండు స్వీట్లు తీసేస్తారు, ఆ ‘మిగులు’ చూపించి డ్రోన్ వీడియో బుక్ చేస్తారు.

అయితే మీ 50,000 లెక్కా నిలవదు. ధరలు ఎప్పుడు కనుక్కున్నారు? ఆషాఢంలో. పెళ్లిళ్లు లేని నెలలో బంతిపూలు ఎవరికి కావాలి? మీ ముహూర్తం బుధవారం రాత్రి, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ వారం చామంతి, మల్లె ఎంత పలుకుతాయో పోయిన ఏడాది వ్రతం చేసుకున్న ఎవరినడిగినా చెబుతారు. 70,000 అనుకోండి. స్టేజీ వెనక సగం కొబ్బరి మట్టలు, మామిడాకులతో నింపండి, మీ వైపు అవి పెరట్లోనే దొరుకుతాయి. బంతి మంగళవారమే తెచ్చి, తడపకుండా నీడలో పరిచి గుచ్చుకోండి. తడిస్తే రేకులు నల్లబడతాయి. మల్లెలు మాత్రం బుధవారం పొద్దున్నే.

కాబట్టి లోన్ 2,00,000 చాలు. 15 శాతం వడ్డీకి మూడేళ్లనుకుంటే 3,00,000కి కిస్తీ సుమారు 10,400, 2,00,000కి 6,930. ఆ అదనపు లక్ష మీద మీరు కట్టే వడ్డీయే దాదాపు 25,000. గొలుసు వద్దు. 15 శాతానికి తెచ్చి సిప్ కట్టడం అంతకన్నా వద్దు.

ఇక ఎఫ్‌డీ. ‘అత్యవసరానికి’ అని మీరే రాసి, అదే ఊపులో పూలకు తీస్తానంటున్నారు! గురువారం మధ్యాహ్నానికి వాడిపోయే వస్తువు కోసం ఆరు నెలల తిండీ అద్దే తీసేస్తారా? పెళ్లయ్యాక ఊరు మారవచ్చు, ఉద్యోగం మారవచ్చు, రెండు నెలలు జీతం లేకుండా ఉండాల్సి రావచ్చు. ఆ ఎఫ్‌డీతో ఇంతకన్నా ఎక్కువ అవసరం పడే ఏడాది మీకు ఇప్పటిదాకా రాలేదు. దాన్ని ముట్టుకోకండి. లోన్ కిస్తీ కూడా ఇప్పుడు మీ నెల ఖర్చే కాబట్టి, పెళ్లి తర్వాత నెలకు 5,000 చొప్పున ఆ అత్యవసర డబ్బుకి కలపండి.

చదివింపులతో నింపుతానన్నారు. చదివింపులు ఆదాయం కాదండీ. కొన్ని మీ నాన్నగారు ఇదివరకు చదివించినవి తిరిగొచ్చేవి, మిగతావి రేపు మీరు తిరిగి చదివించాల్సినవి. పైగా ఆ డబ్బు పెళ్లికూతురి చేతికొస్తుందా? నా పెళ్లి చదివింపులు మర్నాడు పొద్దున వంటవాళ్ల బాకీకి పోయాయి. కవర్లు కూడా నేను చూడలేదు.

లోన్ యాప్ సంగతి ఇంకోసారి ఎత్తకండి. చేతికొచ్చేదొకటి, కట్టేదొకటి. ఒక కిస్తీ ఆలస్యమైతే ఫోన్లో ఉన్న నంబర్లకు కాల్స్ చేసి పరువు తీసే యాప్‌లు ఉన్నాయి. మీ ఫోన్లో ఇప్పుడు శుభలేఖ పంపిన వాళ్లందరి నంబర్లూ ఉన్నాయి. మరీ తప్పకపోతే ఇంట్లో బంగారం మీద బ్యాంకులో తీసుకోండి.

లోన్ డబ్బు ఖాతాలో పడకముందే బ్యాంకుకి ఫోన్ చేసి 2,00,000 చాలని చెప్పండి. పడ్డాక తిరిగి కట్టాలంటే ఛార్జీలు వేసే బ్యాంకులున్నాయి.