సమాధానం: కార్డు మారగానే మనోధర్మం ఆగిపోతోందా?

కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, జాజ్ ప్రధానంగా సంగీత బోధన డిగ్రీకి సిద్ధమవుతున్నాననీ, కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) మారగానే మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడంలో, చేయి ఆగిపోతోందనీ రాశారు. మీకు గ్రహభేదం (అవే స్వరాల్లో మరో స్వరాన్ని షడ్జమంగా తీసుకుని వేరే రాగం పొందడం) తెలుసు కదా, అదే దారి. జాజ్‌లో తరచూ వచ్చే కార్డుల వరుస డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. సి షడ్జమమైతే శంకరాభరణం రాగం. అవే స్వరాలు రిషభం (డి) నుంచి ఖరహరప్రియ, పంచమం (జి) నుంచి హరికాంభోజి. స్వరాలు మారవు, నిలిచే చోటు మారుతుంది! కార్డు మారిన తొలి దెబ్బకు దాని గాంధారంపై (మూడో స్వరంపై) వాలండి: వరుసగా ఎఫ్, బి, ఇ. గమకాలను (స్వరాన్ని ఊపి పలికించడాన్ని) మొదట్లో పక్కన పెట్టండి. తోడుకు హనుమకొండ, కాజీపేట చర్చిల్లో కీబోర్డ్ వాయించేవారిని అడగండి. కార్డులు వారికి కొట్టిన పిండి. నిమిషానికి 60 దెబ్బల వేగం చాలు. బోధన డిగ్రీ కాబట్టి, వచ్చిన ప్రతి పాఠాన్నీ వెంటనే ఒక పిల్లవాడికి నేర్పి చూడండి.