జీరో బల్బుతో మొదలుపెట్టు

చిరంజీవి అబ్బికి, పెదనాయన దీవెనలు.

ప్రొద్దుటూరు ఇంటికి కరెంటు బిల్లు మోత మోగుతోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముప్పై ఏళ్లు వైరింగ్ పని చేసినవాణ్ణి, ఊరికే ఉండలేక రాస్తున్నా. మొన్న పండక్కి వచ్చినప్పుడు చూశా, హాల్లో సీలింగుకు మంచి ఎల్ఈడీలే పెట్టించావు. కానీ అవి చుట్టాలొస్తే గానీ వెలగవు. రోజూ వెలిగేవి వంటింట్లో, వరండాలో, దేవుడి గూట్లో. అక్కడన్నీ పాతవే.

ముందు దేవుడి గూటి దగ్గరి ఎర్ర జీరో బల్బు మార్చు. పేరుకే జీరో, లాగేది దాదాపు 15 వాట్లు. పాత చక్రం మీటర్లు అంత చిన్న వాడకాన్ని సరిగా పట్టవు కాబట్టే ఆ పేరని మా పనివాళ్లం చెప్పుకునేవాళ్లం. మీ అమ్మ దాన్ని రాత్రింబగళ్లు ఆర్పదు. అంటే నెలకు 10.8 యూనిట్లు! అర వాటు ఎల్ఈడీకి అర యూనిట్ కూడా కాదు. ఎర్రదే దొరుకుతుంది. ఆమెకు చెప్పే మార్చు, లేకుంటే తిట్లు నాకు.

వంటింటి 60 వాట్ల బల్బు రోజూ 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు, 9 వాట్ల ఎల్ఈడీ అయితే 1.35. కొనేటప్పుడు పెట్టె మీద ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, చూడు, 800 దాటితే పాత అరవై వెలుతురు వస్తుంది. 2015లో ఎల్ఈడీలు చౌకగా ఇచ్చే కేంద్రం ఉజాలా పథకం వచ్చాక ధరలు బాగా దిగాయి, ఖరీదని సాకు చెప్పడానికి లేదు. అలాగని మరీ చౌకవి తేకు. నేనొకసారి తోపుడుబండి మీద ఐదు తెచ్చి ఉగాదికి పెడితే, దసరాకు రెండే మిగిలాయి. బిల్లు లేదు, ఎవర్ని అడగను?

వరండా ట్యూబ్‌లైటు పట్టీ దగ్గర చెయ్యి పెట్టి చూడు, చోక్, అంటే ట్యూబుకు కరెంటును అదుపుచేసే డబ్బా, ఉన్నచోట వేడి తగులుతుంది. ఆ వేడికీ నువ్వే డబ్బు కడుతున్నావు. ట్యూబు 40 వాట్లు, చోక్ ఇంకో పది పదిహేను. 20 వాట్ల ఎల్ఈడీ పట్టీ చాలు.

మార్చాక మసకగా ఉందంటావేమో. అది బల్బు తప్పు కాదబ్బీ, కింద పరిచిన కడప బండలది. నల్లరాయి వెలుతురంతా మింగేస్తుంది. వాట్లు పెంచకు, గోడలకు తెల్లసున్నం కొట్టించు.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ మిణుకుమంటుంటే స్విచ్‌లోని ఇండికేటర్, అదే ఆ చిన్న దీపం, వల్ల కావచ్చు. ఇండికేటర్ లేకుంటే మాత్రం స్విచ్ కరెంటొచ్చే ఫేజ్ తీగకి బదులు తిరిగిపోయే న్యూట్రల్ తీగకి పడిందేమో చూడాలి. అలా పడితే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటుంటుంది. మెయిన్ ఆపకుండా దేన్నీ ముట్టుకోకు. నువ్వు సామాను కొనిపెట్టు, ఆదివారం టెస్టర్ తీసుకుని నేనే వస్తా.