వెన్నులో సూది పడిన బర్రె నడుం పడిపోతుందా?

ప్రశ్న: మా ముర్రా బర్రె పది రోజుల కిందట ఈనింది. ఆ రాత్రే గర్భసంచి బయటికి జారితే డాక్టరు గారొచ్చి తోక మొదట్లో వెన్నులో సూది వేసి, లోపలికి నెట్టి కుట్లు వేశారు. తోక గంటకు పైగా చచ్చుబడి వేలాడింది. ఇప్పుడు బాగానే తిరుగుతోంది. కానీ వెన్నులో సూది పడిన గొడ్డు ఎప్పటికైనా నడుం పడిపోతుందని ఊళ్లో అంటున్నారు. అమ్మేయమంటారా?
– ఒక రైతు, బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మొద్దు. తోకతో ఈగలు తోలుకుంటూ, పేడ, మూత్రం మామూలుగా వేస్తూ, సూది పడిన చోట వాపూ చీమూ లేకుండా ఉంటే ఆ సూది గొడవ అయిపోయినట్టే.

వెన్నెముక ఒకే కడ్డీ కాదండీ, పూసల దండ. బర్రెకు మెడలో 7, పక్కటెముకలు తగులుకునే వీపులో 13, నడుంలో 6 పూసలుంటాయి. తుంటి దగ్గర 5 పూసలు అతుక్కుని ఒకే ఎముక అవుతాయి. ఆ వెనక తోకలో మరో పద్దెనిమిదో ఇరవయ్యో. ఈ దండకు ముందు పుర్రె, పక్కన 13 జతల పక్కటెముకలు, కింద రొమ్ము ఎముక. అన్నీ కలిపి పిల్లల పుస్తకాల్లో అక్షాస్థిపంజరం అంటారు. (ఒంగోలు గిత్త మూపురం ఈ లెక్కలోకి రాదు. అది కండ, కొవ్వు, ఎముక లేదు.) మెదడుకు పుర్రె, గుండెకూ ఊపిరితిత్తులకూ పక్కటెముకలు కాపు. వెన్నుపాము పూసల మధ్య బోలులో సాగుతుంది.

మీకు కావలసిన సంగతి ఇక్కడే ఉంది. ఆ వెన్నుపాము తోకదాకా రాదు. తుంటి దగ్గర అతుక్కున్న ఎముకలోనే ముగిసిపోతుంది, అక్కణ్ణించి వెనక్కి నరాల పోగులే. మీరే చూడండి: ఒక చేత్తో తోక పట్టుకుని చేతిపంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించండి, రెండో చేతి వేలు తోక మొదట్లో ఆనించండి. మొదట కదిలే కీలు దగ్గర చిన్న గుంట తగులుతుంది. డాక్టరు సూది దించేది ఆ సందులోనే. ఐదారు మిల్లీలీటర్ల మత్తుమందు పడితే తోక వేలాడుతుంది, బర్రె ముక్కడం ఆపుతుంది. ముక్కుతుంటే గర్భసంచి లోపలికి పోదు, అందుకే ఆ సూది. మందు ఎక్కువైతే వెనక కాళ్లు తూలి కాసేపు కూలబడొచ్చు. మత్తు దిగితే లేస్తుంది.

మరి ఊళ్లో మాట ఎక్కడిది? ఈనిన రెండు మూడు రోజుల్లో కాల్షియం పడిపోయి కొన్ని గొడ్లు లేవలేవు. చెవులు చల్లబడతాయి, తల డొక్కవైపు తిప్పుకుంటాయి. దూడను బలంగా లాగినప్పుడు నరం నలిగినవి ఇంకొన్ని. నింద మాత్రం సూది మీదికి పోతుంది.

గర్భసంచి జారింది కాబట్టి చూడి కట్టడం కాస్త ఆలస్యం కావచ్చు. ఎదకొచ్చినా, గర్భసంచి పరీక్ష చేయించాకే కట్టించండి.

వెన్నుకు అసలు చెరుపు మన చేతుల్లోనే ఎక్కువ. పాచి పట్టిన సిమెంటు గచ్చు మీద జారిపడటం ఒకటి. పడ్డ బర్రెను తోక పట్టి లేపడం, దున్నేటప్పుడు ఎద్దు తోక మెలిపెట్టడం ఇంకొకటి. తోకా వెన్నే. తోక మొదట్లో పూస విరిగితే పేడ, మూత్రం మీద పట్టు పోతుంది. గొడ్డు కూలబడితే ఇసుక మీదికి చేర్చి, కొన్ని గంటలకోసారి పక్క మారుస్తూ పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.