కాటిపోను చూడ్డానికి వెళ్లేముందు ఇది చదువు

చిన్నా,

క్రైస్ట్‌చర్చ్‌లో కుదురుకోగానే కాటిపో సాలీడును చూడాలన్నావు, నాకు చాలా సంతోషమేసింది. న్యూజిలాండ్ తీరంలో తప్ప ఇంకెక్కడా లేని సాలీడు అది, ఇప్పుడు అక్కడా అరుదైపోయింది.

ముందు సాలీడు కోసం కాదు, చోటు కోసం వెతుకు. అలలు తగిలే ఒడ్డున అది ఉండదు. ఇసుక దిబ్బ దాటాక గాలి తగ్గే లోపలి వైపున, బంగారు రంగు పింగావ్ గడ్డి దుబ్బుల మొదట్లో, కొట్టుకొచ్చిన దుంగల కింద, నేలకు దగ్గరగా చిక్కుచిక్కుగా గూడు కడుతుంది. ఇసుక మీద నడిచే పురుగు ఆ జిగురు దారాలకు తగిలిందంటే చాలు, వెనక కాళ్ల చివర దువ్వెన పళ్లలా ఉండే వెంట్రుకలతో ఇంకా దారం లాగి దాని మీదకు విసురుతుంది. దీనికంతా మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ ఇసుక కావాలి. దిబ్బలు కదలకుండా ఉండాలని యూరప్ నుంచి తెచ్చి నాటిన మర్రమ్ గడ్డి ఆ ఖాళీనే కప్పేసింది, నాకు బాధ కలిగించేది అదే. మీకు దగ్గర్లోని కైటొరెటె తీరంలో పింగావ్ ఇంకా బాగానే ఉంది, అక్కడికే వెళ్లు.

దుంగలు మాత్రం ఎత్తకు. అక్కడ వేసవి మొదలయ్యే నవంబరు, డిసెంబరుల్లో, గుడ్ల సంచులు గూట్లోనే ఉంటాయి, దుంగ కదిలితే అన్నీ తెగిపోతాయి. వంగి, అంచు కిందకు టార్చి వేసి చూడు. చలిమంటకు దుంగలు ఏరే ఫ్రెండ్స్ ఉంటే వాళ్లకీ గట్టిగా చెప్పు. 2010 నుంచి దీనికి చట్టరక్షణ ఉంది.

ఆడదాని పొట్ట బఠాణీ గింజంత, నల్లగా, వీపు మీద తెల్ల అంచున్న ఎర్ర చారతో ఉంటుంది. ఉత్తరాన చార లేనివీ ఉంటాయి, వాటిని వేరే జాతి అనుకునేవారు, 2008లో రెండూ ఒకటేనని తేల్చారు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇంకో నల్ల సాలీడు కూడా అవే దిబ్బల్లో ఉంటుంది, చాలామంది దాన్నే కాటిపో అనుకుంటారు. కాటిపోకు పొట్ట కింద డమరుకం లాంటి ఎర్ర మచ్చ ఉంటుంది, దానికి ఉండదు.

టెన్షన్ పడకు, అది పిరికిది, మీద పడి కరవదు. అయినా బూట్లు వేసుకో, చెయ్యి పెట్టకు, ఒకవేళ కరిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లు, విరుగుడు మందు ఉంది. ఫొటోలు పంపు, కానీ ఆ చోటు ఎక్కడో అందరికీ కనిపించేలా పెట్టకు.