సీ ప్లస్ ప్లస్ నుంచి లువా ఫంక్షన్‌ని పిలుస్తుంటే పొద్దున బాగానే నడిచి మధ్యాహ్నానికి ఎందుకు పడిపోతోంది?

పిలిచే చోట కోడ్ సరిగ్గానే ఉందన్నారు కదా, నాకైతే పిలిచాక చేయాల్సిన పని మీద అనుమానం.

ఈ తిప్పలు నేనూ పడ్డాను. ఆదోనిలో ఒక పత్తి మండీకి తూకం చీటీల ప్రోగ్రాం రాశాను. తేమ 8 శాతం దాటితే ఎంత కోయాలి, హమాలీ ఎంత, ఇవన్నీ సేటు ఒక్కోసారి వారానికోసారి మార్చేవాడు, ప్రతిసారీ కంపైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో కర్నూలు నుంచి మోసుకుపోలేక యాష్టకొచ్చి, లెక్కంతా లువా అనే చిన్న స్క్రిప్ట్ భాషలో ఒక ఫైల్లో పెట్టేసి, దాన్ని నడిపే ఇంజిన్‌ని ప్రోగ్రాం లోపల కూర్చోబెట్టాను. ఇక అంకెలు గుమాస్తానే నోట్‌ప్యాడ్‌లో మార్చుకునేవాడు.

సీ ప్లస్ ప్లస్‌కీ లువాకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడమంతా ఒక స్టాక్ మీదే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే దొంతర. లువా_గెట్‌గ్లోబల్‌తో ఫంక్షన్‌ని పెట్టి, దాని మీద వరసగా బరువు, తేమ, ధర పెట్టి, ఫంక్షన్‌ని నడిపే లువా_పీకాల్‌కి 3 ఇస్తున్నాం, 2 కావాలి అని చెప్పాలి. అది ఫంక్షన్‌తో కలిపి ఆ నాలుగూ తీసేసి రెండు ఫలితాలు పెడుతుంది. రెండోది -1 దగ్గర, అంటే అన్నిటికన్నా పైన, మొదటిది దాని కింద -2 దగ్గర. నేను తిరగేసి చదివి, కోత గడిలో రైతుకు రావాల్సిన మొత్తం అచ్చేశాను. ఆ రోజు తిన్న తిట్లు మామూలువి కావు.

చదివాక లువా_పాప్‌తో తీసేయాల్సింది మనమే. నేనూ తీసేవాణ్ణే, ఎర్రర్ వచ్చినప్పుడు తప్ప! గుమాస్తా ఒక పేరులో అక్షరం తప్పు కొట్టాడు, అది నిల్ అయింది, అంటే విలువే లేనిది, పైగా తడి పత్తి వస్తేనే ఆ లైను నడుస్తుంది. అప్పుడు పీకాల్ సున్నా కాని అంకె తిరిగిచ్చి, ఫలితాల బదులు ఒక ఎర్రర్ మెసేజ్‌ని స్టాక్ మీద వదులుతుంది. దాన్ని లాగ్‌లో రాసుకుని రిటర్న్ అయిపోయేవాణ్ణి, మెసేజ్ మాత్రం అక్కడే ఉండిపోయేది. మొదట భరోసా ఉండేది 20 చోట్లకే, ఇంకా చోటు కావాలని లువా_చెక్‌స్టాక్‌ని అడగకుండా అంతకు మించి పెడితే ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.

మీ ఫంక్షన్ మొదట్లో, ప్రతి రిటర్న్‌కి ముందు, స్టాక్ మీద ఎన్ని ఉన్నాయో చెప్పే లువా_గెట్‌టాప్ ప్రింట్ చేయండి. నాకు తడి పత్తి చీటీ వచ్చినప్పుడల్లా 0, 1, 2, 3 అని ఎక్కుతూ పోయింది.

పీకాల్ కాకుండా లువా_కాల్ వాడుతుంటే ముందు అది మార్చండి, ఎర్రర్‌ని పట్టుకునేది ఏదీ లేకపోతే ఆ ఒక్క ఎర్రర్‌తో ప్రోగ్రాం మొత్తం అబార్ట్ అవుతుంది. గ్రేడ్ పేరు లాంటి స్ట్రింగ్ తెచ్చుకుంటుంటే పాప్ చేయకముందే కాపీ చేసుకోండి, లువా_టూస్ట్రింగ్ ఇచ్చే పాయింటర్ లువా మెమరీలోది, తర్వాత వాడకంలో లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడైనా ఊడ్చేయొచ్చు.

గెట్‌టాప్ అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.