వాల్వ్ మార్చాక అసిట్రోమ్ జీవితాంతం వేసుకోవాలా? గడ్డ కడితే కరిగించే ఇంజెక్షన్ సరిపోదా?

మీ అత్తగారికి గుండెలో ఎడమవైపు ఉండే మిట్రల్ వాల్వ్ స్థానంలో మెటల్ వాల్వ్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర ఎప్పటికీ ఆపొద్దన్నారు. చుట్టాలేమో రక్తం నీళ్లలా అయిపోతుందని, అది ఎలుకల మందని భయపెడుతున్నారు. గడ్డ కట్టినప్పుడే కరిగించే ఇంజెక్షన్ చేయిస్తే చాలదా అని మీరు అడిగారు. చాలదండీ. మా అమ్మకూ అదే వాల్వ్, అదే మాత్ర. ఆ ఇంజెక్షన్ కూడా ఒకసారి పడింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నీళ్ల భయం పోవాలి. ఈ మందుతో రక్తం చిక్కదనం ఏమీ మారదు, గడ్డకట్టడానికి పట్టే సమయం మాత్రం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టాలంటే లివర్ తయారుచేసే కొన్ని ప్రోటీన్లు కావాలి. వాటిలో 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లు పనిచేసే రూపానికి రావాలంటే విటమిన్ కె ఉండాలి. ఒంట్లో ఒకసారి వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చేలా తయారవుతూ ఉంటుంది. అసిట్రోమ్, అదే కోవకు చెందిన వార్ఫరిన్ ఆ దారిని అడ్డుకుంటాయి. అప్పటికే రక్తంలో ఉన్న ఫ్యాక్టర్లు తరిగిపోవాలి కాబట్టి పూర్తి ప్రభావం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆపరేషన్ తర్వాత మాత్రతో పాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చేది అందుకే, అది వెంటనే పనిచేస్తుంది.

ఎలుకల మందు మాట పూర్తిగా అబద్ధం కాదు. 1920లలో అమెరికా, కెనడాల్లో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. తేడా అంతా మోతాదులోనే ఉంది. ఆ మోతాదు సరిపోయిందో లేదో చెప్పేదే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మిట్రల్ మెటల్ వాల్వ్‌కి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే వాల్వ్ మీద గడ్డ, బాగా పెరిగితే రక్తస్రావం.

ఇక మీరడిగిన ఇంజెక్షన్. గడ్డను పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే దారాల వల. స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టెప్లేస్ లాంటివి మన రక్తంలోనే ఉండే ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తాయి, ఆ ప్లాస్మిన్ ఈ వలను తెంపుతుంది. ఇబ్బంది ఏమిటంటే, కరగకూడని చోట గడ్డ ఉన్నా అది కరిగిపోవచ్చు. అందుకే ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లకు, మెదడులో ఎప్పుడైనా రక్తస్రావం అయినవాళ్లకు ఇది ఇవ్వడానికి జంకుతారు. గుండెపోటులో మొదటి 12 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మేలు. పక్షవాతంలో సుమారు 4.5 గంటల్లోపు, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే.

మా అమ్మ విషయంలో ఏమైందంటే, పన్ను తీయించుకోవడానికి ఒక క్లినిక్‌లో అసిట్రోమ్ ఆపమన్నారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పలేదు. కొన్నాళ్లకు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత పడుకున్నా ఆయాసం. ఎప్పుడూ వినిపించే వాల్వ్ టిక్ టిక్ శబ్దం మందగించింది. ఎకో (గుండె స్కాన్)లో గడ్డ కట్టి వాల్వ్ స్టక్ అయిందని తేలింది. ఐసీయూలో గంటల తరబడి స్ట్రెప్టోకైనేజ్ ఎక్కించారు. కరిగేటప్పుడు ముక్క విడిపోయి మెదడుకు వెళ్లి పక్షవాతం రావచ్చని డాక్టర్ ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ ఎవరికీ రాకూడదు. అమ్మ బయటపడింది. కానీ స్ట్రెప్టోకైనేజ్‌కి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, అదే మందు మళ్లీ ఇస్తే సరిగా పనిచేయకపోవచ్చు, అలర్జీ కూడా రావచ్చు. అది ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసే వైద్యం. దాన్ని నమ్ముకుని మాత్ర ఆపకండి.

టెస్టులు అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయని ఎవరైనా చెబుతారు. మెటల్ వాల్వ్‌కి అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌తో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ల మీద చేసిన ట్రయల్‌లో గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువ కావడంతో 2012లో దాన్ని ఆపేశారు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది, అది అసిట్రోమ్‌కి బదులు కాదు.

తిండి విషయంలో ఆకుకూరలు మానేయమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువే. అయితే ప్రతి వారం దాదాపు ఒకే మోతాదులో తింటే డాక్టర్ దానికి తగ్గట్టే మాత్ర సరిచేస్తారు. నెలంతా మానేసి పండక్కి ఊరెళ్లి రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ఆకుకూరల కన్నా నాకు భయం వేరే మందులతో. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, విరేచనాలకు మెట్రోనిడజోల్, పేరు తెలియని నాటు మందులు. జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించకండి, కండలో రక్తం గూడుకట్టవచ్చు. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు అసిట్రోమ్ వాడుతున్నారని చెప్పండి. పన్ను తీయాలన్నా గుండె డాక్టర్‌ని అడగాల్సిందే. ఒక పూట మాత్ర మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేయండి, మర్నాడు రెండు వేయొద్దు.

మలం నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, పడిపోయి తలకు దెబ్బ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం వచ్చినా, వాల్వ్ శబ్దం మారినా అంతే. ఈసారి రివ్యూకి వెళ్లినప్పుడు ఆమె ఐఎన్‌ఆర్ ఎంత నుంచి ఎంతలో ఉండాలో డాక్టర్ చేత పుస్తకంలో రాయించుకోండి. ప్రతి రిపోర్టు పక్కన ఆ వారం వేసిన మోతాదు కూడా రాసి పెట్టండి.